డిస్కో దరువులో మాయామాళవగౌళ!

డీజే అనగానే మన కుర్రకారుకి పెళ్లి ఊరేగింపు, బండి మీద కట్టిన సౌండు బాక్సులు, గుండెలదిరే దరువు గుర్తొస్తాయి. ('డీజే టిల్లు' చలవ కూడా కొంత ఉందనుకోండి.) ఆ యంత్రాల మోతకీ, బొంబాయి సినిమా ఆర్కెస్ట్రాలో ఓ మూల కూర్చుని వాయించుకున్న సర్దార్జీకీ దూరపు చుట్టరికం ఉందంటే నమ్ముతారా?

ఆయన పేరు చరణ్‌జిత్ సింగ్. అరవైల నుంచి ఎనభైల దాకా ఎన్నో హిందీ పాటల రికార్డింగుల్లో గిటారు, సింథసైజరు వాయించారు. పోస్టరు మీద సంగీత దర్శకుడి పేరుంటుంది. గిటారు పట్టుకున్నవాడి పేరు ఎవరికి కావాలి?

1980లో 'కుర్బానీ' వచ్చాక హిందీ సినిమాకి డిస్కో గాలి సోకింది. 1982లో 'డిస్కో డాన్సర్'తో అది తుపానైంది. ఆ ఏడాదే సింగ్‌కి ఓ ఆలోచన తట్టింది. తబలా పక్కనపెట్టి, డిస్కో దరువు మీద మన రాగాలు వాయిస్తే?

చేతిలో ఉన్నవి రోలాండ్ కంపెనీ యంత్రాలు మూడు: జూపిటర్-8 సింథసైజరు, దరువుకి టీఆర్-808, బేసుకి టీబీ-303. ఈ మూడోదాని కథ గమ్మత్తు. బేసు గిటారు వాయించే మనిషి లేని లోటు తీరుస్తుందని తయారుచేశారు. అది గిటారులా మోగలేదు, జనం కొనలేదు, 1984 కల్లా తయారీయే ఆగిపోయింది. కానీ అందులో ఓ స్వరం మీంచి ఇంకో స్వరం మీదకి జారే ఏర్పాటుంది. జారు మన సంగీతానికి ప్రాణం కదా! ఏళ్ల తరబడి పాటల మధ్య బతికిన చెవి దాన్ని ఇట్టే పట్టేసింది.

పది రాగాలు. 'టెన్ రాగాస్ టు ఎ డిస్కో బీట్' అని హెచ్.ఎం.వి. వారు ఎల్పీ వేశారు. ఎవరూ పట్టించుకోలేదు.

నేను దాన్ని మా మేనమామకి వినిపించాను. ఆయన పెళ్లిపందిళ్లలో ఇరవై ఏళ్లు కీబోర్డు వాయించిన మనిషి. మొదటి పాట భైరవ్. సగం కాకుండానే, "ఇవి మన మాయామాళవగౌళ స్వరాలే కదరా అబ్బాయ్!" అన్నాడు. నిజమే, మన పిల్లలు సరళీవరసలు మొదలెట్టేది వాటితోనే. మాల్కౌంస్ వచ్చేసరికి "హిందోళం" అంటూ తొడ మీద తాళం వేశాడు. అంతా అయ్యాక, "ఆయన పేరేంటన్నావు?" అని అడిగి, మరోసారి చెప్పించుకున్నాడు. మామయ్యని ఏ పందిట్లోనూ ఆ మాట అడిగినవాళ్లు లేరు.

1987లో షికాగోలో 'ఫ్యూచర్' అనే బృందం అదే 303తో 'యాసిడ్ ట్రాక్స్' విడుదల చేసింది. దాన్ని అక్కడి డీజే రాన్ హార్డీ తన క్లబ్బులో వేసి వేసి జనానికి అలవాటు చేశాడు. ఆ ధోరణికి యాసిడ్ హౌస్ అని పేరొచ్చింది. 2010లో ఎడో బౌమన్ అనే డచ్చి ఆయన సింగ్ రికార్డుని మళ్లీ వెలుగులోకి తెచ్చేసరికి, యాసిడ్ హౌస్‌కి ఆద్యుడు ఈయనేనని కొందరు ఊగిపోయారు. ఆ బిరుదు మీద నాకు మోజు లేదు. షికాగో కుర్రాళ్లు ఈయన్ని విన్న దాఖలా లేదు, ఈయనకి వాళ్ల గొడవే తెలీదు.

నాకు నచ్చిన సంగతి వేరు. డెబ్బై దాటాక ఆయన యూరప్ వేదికలెక్కి అవే రాగాలు వాయించారు. కుర్రాళ్లు ఊగుతుంటే, ఈసారి పోస్టరు మీద పేరు ఆయనదే. 2015లో కన్నుమూశారు.

వినేవాళ్లు భైరవ్‌తో మొదలెట్టండి. ఇయర్‌ఫోన్లలో కాదు, పెద్ద బాక్సులో. పక్కింటివాళ్ల సంగతి మీరే చూసుకోవాలి మరి!