ఎలుగ్గొడ్డు వేటకి మేం వేసిన ఎత్తు



కార్తీకం వచ్చేసింది. రాయకోట చుట్టూ గుట్టల్లో సీతాఫలాలు పండి పగిలే కాలం. ఈ కాలం వచ్చినప్పుడంతా మేము చేయబోయి ఆగిపోయిన ఒక పని గుర్తుకొస్తుంది. సంఘంలో చానామందికి అది సగం సగం తెలుసు. మొత్తం ఒకసారి చెప్పేద్దామని రాస్తున్నాము.

కొన్నేండ్ల కిందట ఇట్లాంటి కార్తీకంలోనే, మావాడొకడు తెల్లారిజామున మోటారు వేసేదానికి చేనికి పోయె. ఆ వారం కరెంటు ఆ పొద్దుకే వస్తుండె. కొండ కింద గట్టు మలుపులో ఎలుగ్గొడ్డు ఎదురుపడె. తలమీది తోలు లేచిపోయె, కుడిచెయ్యి నలిగిపోయె. కేకలు విని పక్క చేనోళ్లు పరిగెత్తిరి కాబట్టి మనిషి బతికె. కుట్లు వేయించుకొని ఆసుపత్రిలో పండుకొన్నోణ్ని చూసి వచ్చిన రేయి, మేము తొమ్మిదిమందిమి గుడి అరుగు మీద కూసుంటిమి. దాన్ని కొట్టేయాల్సిందే అనుకొంటిమి.

ఎత్తు కూడా వేస్తిమి. పడమటి కొండను ముగ్గురు మీద నుంచి తప్పెట కొట్టుకొంటూ దిగాల, ఇద్దరు కుక్కలను పట్టుకోవాల, మిగిలినోళ్లు బండల సందు కాడ కాచుకోవాల. తుపాకి ఎవరింట్లో ఉందో, ఎవరిని అడిగితే వస్తుందో కూడా మాట్లాడుకొంటిమి. మాలో పుస్తకాలు చదివే అబ్బోడొకడు కెన్నెత్ ఆండర్సన్ మాట ఎత్తె. మన జవళగిరి, అంచెట్టి, దేన్కనికోట అడవుల్లో తిరిగి పులుల కతలు రాసిన దొర ఆయన. మైసూరు సీమలో అరసికెరె పక్క 12 మందిని చంపిన ఎలుగ్గొడ్డును కొట్టినట్లు కూడా రాసుకొన్నాడు. ‘ఒక్కడే పోయి కొట్టినాడు, మనం తొమ్మిదిమంది ఉండామే’ అనె.

అరుగు చివర ఒక పెద్దాయన గోడకానుకొని వింటా ఉండె. 1972లో అడవి జంతువుల చట్టం రాకముందు, పిల్లోడిగా ఉన్నప్పుడు పెద్దోళ్ల జతలో వేటకి పోయి తప్పెట కొట్టినాయన. మా మాటలన్నీ అయినంక మెల్లిగా అడిగె.

‘ఏమప్పా, అది ఇప్పుడు ఏం తింటా ఉంది?’

మాకు తెలీదు.

‘నీళ్లు ఏ తావున తాగుతుంది?’

తెలీదు.

‘ఒంటిదా, పిల్లల తల్లా?’

ఒకరి మొగం ఒకరు చూసుకొంటిమి.

‘మేం వేటకి పోయే ముందు పది దినాలు కొండ చుట్టూ ఊరికే తిరుగుతుంటిమి. పెంటలో ఏ గింజ ఉందో చూడాల. ఏ పుట్ట తవ్విందో, ఏ చెట్టు గీకిందో చూడాల. గాలి ఏ పక్కనించి వీస్తుందో చూడాల. ఇదంతా తెలిసినంకనే వేట. మీరు తుపాకి లెక్క చూసుకొంట్రి గానీ, దాని లెక్క చూసుకోలేదు’ అనె.

ఆ మాట మాకు గుచ్చుకొనె. కోపంలో చట్టం మాట కూడా ఎవరూ ఎత్తలేదు. ఎలుగ్గొడ్డు ఆ చట్టంలో మొదటి పట్టీలో ఉండే జంతువు, పులితో సమానం. కొడితే మూడేండ్ల నుంచి ఏడేండ్ల దాకా జైలు. జుల్మానా 2022 సవరణ తర్వాత 25,000 రూపాయలకి తక్కువ ఉండదు. మీద పడినప్పుడు పానం కాపాడుకొనేదానికి కొడితే తప్పు కాదని అదే చట్టం చెప్తుంది. కానీ ఎత్తు వేసుకొని కొండ ఎక్కేది పానం కాపాడుకొనేది కాదు కదా.

మరుసటి దినం అడవి శాఖ వాళ్లకి కబురు చెప్పి, వాళ్ల జతలో పొద్దు బాగా ఎక్కినంక పోతిమి. పెద్దాయన ముందర, మేము వెనక. మోటారు కొట్టం వెనక గట్టు మీద పుట్టలు మూడు తవ్వేసి ఉండె. ఎలుగ్గొడ్డుకి మీది వరసలో ముందరి పండ్లు రెండు ఉండవు. ఆ సందులోంచే చెదలను గాలితో జుర్రుకొంటుంది. ఆ జుర్రే సద్దులో, మనిషి వచ్చే అడుగుల సద్దు దానికి వినపడదు. చూపూ అంతంతే. దగ్గరికి పోయినంక ఉలిక్కిపడి లేచి కొడుతుంది. మావాడికి అయ్యింది అదే.

కంచెలో సీతాఫలం చెట్లు. పెంటనిండా ఆ గింజలే. పైపు అతుకు కాడ నీళ్లు కారి చిన్న గుంట అయ్యుండె. ఆ బురదలో పెద్ద అడుగుల పక్కన చిన్న అడుగులు.

పెద్దాయన వంగి చూసి, ‘తల్లి’ అనె. మేమెవరం మాట్లాడలేదు.

చలికాలం మొదట్లో గుహలో పుట్టే పిల్లలు, తల్లి వీపు మీద ఎక్కి తిరిగి, మళ్లీ కార్తీకం వచ్చినా తల్లిని వదలవు. మేమనుకొన్నట్లే తప్పెట కొట్టి తరిమి ఉంటే, సందు కాడ కాచుకొన్నోళ్ల మీదికి పిల్లల తల్లి దూకి ఉండేది.

ఈ కత మాలో ఒకరి అక్కకొడుకు, అమెరికాలో కొలరాడోలో ఉండేవాడు, ఫోనులో విని నవ్వె. ఆ పడమటి కొండసీమలో నల్ల ఎలుగుల వేట ఇప్పటికీ ఉంది, ఆకురాలే కాలంలో. లైసెన్సు తీసుకోవాల, తుపాకి పాఠం చదివి ఉండాల, కొట్టినంక అధికారులకి చూపించాల. ఎర పెట్టేదీ, కుక్కలను తోలేదీ, ఎండాకాలం ముందర కొట్టేదీ 1992లో జనం ఓటేసి ఆపేసినారంట. పిల్లలున్న తల్లిని కొట్టనే కూడదు. ‘ఇక్కడ వేటగాళ్లు కూడా ముందు అడిగేది మీ పెద్దాయన అడిగిన మాటలే మామా’ అనె వాడు.

మేము చేసింది చిన్న పనులే. పైపు అతుకు సరిచేసి గుంట పూడిస్తిమి. మోటారుకి సెల్‌ఫోనుతో వేసే స్టార్టరు పెట్టిస్తిమి. కంచెలో కాయలను దోరగా ఉన్నప్పుడే కోసేస్తిమి. సీతాఫలాలకి పోయే ఆడోళ్లకి, పొద్దు ఎక్కినంక గుంపుగా, గట్టిగా మాట్లాడుకొంటూ పోండమ్మా అని చెప్తిమి. ఆ ఏడు ఆ గట్టు మీద ఇంకెవరికీ దెబ్బ తగల్లేదు. అది మా తెలివే అని చెప్పుకోము, తల్లి వేరే పక్క పోయుండొచ్చు.

దెబ్బ తిన్నవాడికి మాత్రం మామీద కినుక పూర్తిగా పోలేదు. వాడి చెయ్యి ఇప్పటికీ పిడికిలి పట్టదు. ‘మీరు పుట్టలు చూసొచ్చినారు, నా చెయ్యి ఎవరు చూస్తారు’ అంటాడు. వాడి మాటలో తప్పు లేదు. అందుకే కోతల కాలంలో వాడి చేనికి వంతులు వేసుకొని పోతున్నాము. ఈ ఏడూ పోవాల. ఈ నెల వంతు ఎవరిదో పేర్లు కింద రాయండి.

ఇంకొక మాట. పెద్దాయన ఇప్పుడు లేరు. వేట ఆపేసి మంచి పని చేసినాము, కానీ వేటతో పాటు కొండను చదివే చదువు కూడా వదిలేసినాము. మీ ఇండ్లల్లో ముసలోళ్లుంటే, ఏ నెలలో ఏ కాయ ఎక్కడ పండుతుందో, ఏ జంతువు ఏ తోవలో దిగుతుందో అడిగి రాసిపెట్టండి. అడిగేదానికి మనిషి ఉన్నప్పుడే అడగండి.