గోవా ఫ్లాటు: నూట ఇరవై రూపాయల లెక్క

గోవాలో ఫ్లాటు కొని పర్యాటకులకు రోజుల లెక్కన ఇస్తే లోను దానంతటదే తీరిపోతుందని హైదరాబాదులో చాలామంది నమ్మకం. నేను ఆ ఆలోచన మానుకున్నాను. అది ఇంటద్దె కాదు, ఒంటిగది లాడ్జి వ్యాపారం. ప్రభుత్వమూ అలాగే చూస్తుంది. గోవాలో 1982 నాటి టూరిస్టు ట్రేడ్ చట్టం కింద పర్యాటక శాఖలో నమోదు చేయించాలి. విదేశీయులు దిగితే 24 గంటల్లో వారి వివరాలతో ఫారం-సి పంపాలి. జీఎస్టీ కూడా హోటలు గది లెక్కే: రోజుకు రూ.7,500 వరకు 2025 సెప్టెంబరు 22 నుంచి 5 శాతం, అది దాటితే 18. "నా రాబడి ఏడాదికి 20 లక్షలు దాటదు, నాకెందుకు జీఎస్టీ?" అనొచ్చు. నమోదు అక్కర్లేదు, నిజమే. కానీ బుకింగ్ యాప్ ద్వారా వచ్చిన అతిథి మీద ఆ పన్ను యాప్ కంపెనీయే కట్టాలి. మీ రూ.4,000 గది అతనికి రూ.4,200 పడుతుంది.

అయినా అసలు దెబ్బ ఆదాయపు పన్నుది. 2024 బడ్జెట్ సవరణ ప్రకారం యజమాని నివాస గృహం అద్దెకిస్తే వచ్చినది వ్యాపార ఆదాయం కాదు, గృహ ఆస్తి ఆదాయం. అందులో 30 శాతం గుండుగుత్తగా తీసేస్తారు. మీకు ఎంత ఖర్చయిందో అడగరు. లోను లేదనుకుని ఊహా లెక్క ఒకటి వేద్దాం. నెలకు 12 రాత్రులు నిండితే రూ.48,000. యాప్ కమీషన్ 7,200, శుభ్రతకు, దుప్పట్ల ఉతుకుకు 4,800, కరెంటు 4,000, మెయింటెనెన్స్ 5,000, చూసుకునే మనిషికి 6,000 పోగా మిగిలేది 21,000. పన్ను పడేది మాత్రం 33,600 మీద. 30 శాతం శ్లాబులో ఉంటే సెస్సు కాక 10,080. చేతికి 10,920. అదే ఫ్లాటు మామూలు నెల అద్దెకు, రూ.20,000కు ఇస్తే పన్ను 4,200, మెయింటెనెన్స్ 5,000 పోను 10,800. ఇంత హైరానా నూట ఇరవై రూపాయలకు!

దుప్పట్లు, శుభ్రత కూడా ఇస్తున్నాం కాబట్టి ఇది వ్యాపారమేనని, ఖర్చులన్నీ చూపొచ్చని వాదించేవారున్నారు. వాదనలో బలముంది. కానీ నోటీసు వచ్చాక గెలవాల్సిన వాదనను ముందే లాభంలో కలుపుకోను. డిసెంబరులో రేటు రెట్టింపవుతుంది కదా అంటారా? అవుతుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానలకు తీరంలోని షాక్‌లనే (తాత్కాలిక హోటళ్లనే) విప్పేస్తారు; ఖాళీ ఫ్లాటులో ఏసీకి ఉప్పుగాలి తుప్పు మాత్రం ఆగదు.