దండెం మీద గూడు

మారేడ్‌పల్లిలో అమ్మ ఇంటి పెరట్లో, ఫాల్గుణం చివర, బట్టలారేసే దండేనికి ఊదారంగు తేనెపిట్ట గూడు వేలాడదీసింది. ఎండుటాకుల్నీ నారపోగుల్నీ సాలెపట్టుతో అతికించి, లోపల జిల్లేడు దూది పరిచి, ద్వారానికి చిన్న చూరు కూడా దింపింది. కట్టిందంతా గోధుమరంగు ఆడపిట్టే. పొదగడమూ ఆమే, రెండు వారాలపాటు. చూడవచ్చినవాళ్ళు మాత్రం వేపకొమ్మ మీద నీలంగా మెరుస్తూ పాడే మగపిట్టనే మెచ్చుకున్నారు. పిల్లలయ్యాక వాడూ పురుగులు తెచ్చి పెడతాడు, అది చెప్పకపోతే అన్యాయం.

పిట్టల్లో మన కాపురాలు వెతకడం నాకిష్టం ఉండదు. అమ్మ వెతుకుతుంది. "రోజూ స్కూలు నుంచొచ్చి ఈ గోడలకు నీళ్ళు కొట్టింది నేను. గృహప్రవేశం కార్డులో పేరు మీ నాన్నది" అంది, తడిచీర ప్రహరీ మీద ఆరేస్తూ.

ఇంటిని అపార్ట్‌మెంటుకి ఇద్దామని తమ్ముడు కాగితాలు తెచ్చాడు. నాన్న వీలునామా రాయలేదు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం అమ్మకూ నాకూ వాడితో సమాన వాటా. మా సంతకాలు లాంఛనమేనని వాడి నమ్మకం.

అమ్మ కాగితాలు మడిచి బియ్యం డబ్బా మీద పెట్టింది.

"పిల్లలు ఎగిరాక చదువుతాను. చదివాక చెబుతాను" అంది.