చోటు చూపుట

మా దేవాలయమున ఆదివారపు ఆరాధనకు వచ్చు స్త్రీలకు చోటు చూపు పని మేము సేవగా చేయుచున్నాము. చంటిబిడ్డల తల్లులను ద్వారమునకు చేరువగను, వినికిడి తగ్గిన వృద్ధురాండ్రను ముందు వరుసయందును కూర్చుండబెట్టుదుము.

ఒక క్రిస్మసునాడు పట్టుచీర కట్టిన యొకామెకు ముందుబల్ల చూపి, వెనువెంటనే వచ్చిన ముతకచీర ముదుసలిని గోడవార చాపపై కూర్చుండుమంటిమి. ఆమె మారుపలుకక కూర్చుండెను. ఆ రాత్రి బైబిలు తెరువగా, వస్త్రములను చూచి చోటిచ్చుట పాపమని యాకోబు పత్రిక 2వ అధ్యాయము మమ్ము మందలించెను.

మరుసటి ఆదివారము ఆమె చేయి పట్టుకొని ముందుబల్లకు తోడ్కొనిపోబోతిమి. "నాకా గోడే ఆసరా తల్లీ, నడుము నిలవదు" అని యామె నవ్వెను. రెండుమారులును ఆమెను అడుగనేలేదు గదా యని సిగ్గుపడితిమి. నాటినుండి, "ఎచ్చట కూర్చుందురమ్మా?" యని యడిగిన పిదపనే చోటు చూపుచున్నాము.