గాలి నిలిచే పెట్టె

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వైపు పియానో అరుదు. గుడి భజనల్లో, చర్చిల్లో, పద్య నాటకాల్లో పలికేది హార్మోనియమే. 1940లో ఆకాశవాణి దాన్ని గుమ్మం బయట పెట్టి, 1971 దాకా లోపలికి రానివ్వలేదు. ఆ ముప్పై ఏళ్లూ పల్లెలు మాత్రం దాన్ని వదల్లేదు.

సూర్యాపేటలో వాయిద్యాలు బాగుచేసే చిన్న దుకాణానికి నేను వెళ్లేసరికి, కోదాడ దగ్గరి ఒక భజన బృందం రెండు పాత హార్మోనియం పెట్టెల ముందు కూర్చుని ఉంది. ఒకటి కొత్త పాలిష్‌తో తళతళలాడుతోంది. రెండోది మూలలు అరిగిన టేకుది. దుకాణం పెద్దాయన మెట్టేదీ నొక్కకుండా రెండింటికీ గాలి కొట్టారు. టేకు పెట్టెలో గాలి త్వరగా జారిపోయింది. మెరిసేదాంట్లో నిలిచింది. బృందం చూపులన్నీ అటే తిరిగాయి.

"ఆగుర్రి. గాలి కారితే తోలు మార్చొచ్చు. రీడ్లు చూసినంకనే మాట," అన్నారాయన.

మూత తీశారు. 42 మెట్ల పెట్టె, మెట్టుకు రెండు చొప్పున 84 ఇత్తడి రీడ్లు. రీడు నాలుక చివర గీకితే స్వరం పెరుగుతుంది, మొదట్లో గీకితే తగ్గుతుంది. మెరిసే పెట్టెలో మధ్య స్థాయి రీడ్లు దాదాపు అన్నీ గీతలతో పలచబడి ఉన్నాయి. ఒకదానికి గట్టిగా గాలి పోసేసరికి స్వరం కిందికి జారింది. నాలుక మొదట్లో సన్నని చీలిక ఉందన్నమాట. దానికి సరిపడే రీడు దొరకాలి, మళ్లీ శ్రుతి చెయ్యాలి.

పియానో కొనేవాళ్లు ముందు శ్రుతి మేకుల పట్టు చూస్తారు. రెండు వందలకు పైగా తీగల లాగుడును ఆపాల్సింది అవే. హార్మోనియంలో ఆ లాగుడు లేదు; సరిగ్గా చేసిన రీడు ఏళ్ల తరబడి అదే స్వరం పలుకుతుంది. అందుకే తొందరపాటు చెయ్యి గీకి పాడుచేసిన రీడును చూస్తే నాకు బాధేస్తుంది. పోయిన ఇత్తడి తిరిగి రాదు.

టేకు పెట్టెలో రీడ్లు ముట్టుకోనట్టే ఉన్నాయి. షడ్జం, పై షడ్జం కలిపి నొక్కితే వణుకు లేకుండా ఒకటిగా పలికాయి. లోపమంతా మెట్ల కింది తోలులోనూ, తిత్తి మడతల్లోనూ ఉంది.

పక్కనే మిర్యాలగూడ చర్చి నుంచి వచ్చిన పెట్టె ఉంది. చెమ్మకు చెక్క ఉబ్బి మెట్లు పైకి లేవడం లేదు. 1967లో నాగార్జునసాగర్ నీళ్లు వదిలినప్పటి నుంచి ఇక్కడి ఎడమ కాలువ కింద పొలాలు చాలా ఏళ్లు తడిగానే ఉంటున్నాయి. కాబట్టి ఈ ప్రాంతంలో పాత పెట్టెను ఎండాకాలంలో కాదు, వానాకాలంలో చూసి కొనడం మేలని నాకనిపించింది.

భజన బృందం టేకు పెట్టెకే బేరం కుదుర్చుకుంది.

"తోలు మార్చి ఇస్త. గుళ్లె బియ్యం బస్తల పక్కన మాత్రం పెట్టకుర్రి, ఎలుకలు ముందుగాల దాన్నే కొరుకుతయి," అని పెద్దాయన తిత్తి విప్పడం మొదలుపెట్టారు.