ఇంజిన్‌కి ఐదు లక్షలు పెట్టాలా?

పాత లగ్జరీ కారు ధర ఏటేటా పడిపోతుంది. దాని విడిభాగాల ధర మాత్రం పడిపోదు. 2013లో రిజిస్ట్రేషన్ అయిన ఆరు సిలిండర్ల జర్మన్ పెట్రోల్ కారుని నేను 2019లో పద్నాలుగు లక్షలకు కొన్నాను. కొత్తగా ఉన్నప్పుడు అది అరవై లక్షల పైచిలుకు బండి. ఆ ఐదేళ్లలో అది ఇచ్చిన సుఖం గురించి నాకు ఏ ఫిర్యాదూ లేదు. విజయవాడ వెళ్తుంటే మా అమ్మ హయత్‌నగర్‌లో కళ్లు మూసుకుని సూర్యాపేట దాటాక లేచేది. కానీ పద్నాలుగు లక్షలకు కొన్నా, లోపలున్నది అరవై లక్షల కారు ఇంజినే. 2024లో ఆ ఇంజిన్ అరిగిపోయింది.

మొదట ఆయిల్ తగ్గడం మొదలైంది. ఆ తర్వాత పొద్దున్నే స్టార్ట్ చేస్తే నీలం పొగ. నల్ల పొగ వస్తే పెట్రోలు ఎక్కువ పడుతోందని, తెల్ల పొగ ఆగకుండా వస్తే కూలెంట్ లోపలికి దిగుతోందని, నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతోందని ఏ షెడ్డులో అడిగినా చెబుతారు. "ఇంజిన్ పనికొచ్చింది సార్, విప్పాల్సిందే" అన్నారు మా షెడ్డు పెద్దాయన. ఆ మాట మీదే లక్షలు తీయలేం కదా! కంప్రెషన్ టెస్ట్ చేయమన్నాను. రెండు సిలిండర్లలో ఒత్తిడి మిగతావాటికంటే బాగా తక్కువ చూపించింది. ఆ సిలిండర్లలో కాస్త ఆయిల్ పోసి మళ్లీ చూశారు. ఒత్తిడి పెరిగింది. అలా పెరిగితే లోపం పిస్టన్ రింగుల్లోనో సిలిండర్ గోడల్లోనో ఉన్నట్టు. పెరగకపోతే వాల్వుల వైపు చూడాలి. వాల్వుల పనికీ, మొత్తం ఇంజిన్ పనికీ ఖర్చులో ఎంతో తేడా ఉంటుంది. ఈ పరీక్షకయ్యేది చాలా చిన్న మొత్తం. ఇది చేయించకుండా ఎవరూ ఇంజిన్ విప్పించవద్దు.

లారీ ఇంజిన్లు బోరు చేయించడం విజయవాడ ఆటోనగర్‌లో రోజూ జరిగే పని. అదే పని దీనికీ చేయిస్తే పోదా అని బంధువులు అన్నారు. దీనికి అంత తేలిగ్గా కుదరదు. చాలా జర్మన్ పెట్రోల్ ఇంజిన్లలో లాగే ఇందులో సిలిండర్లకు విడిగా ఇనుప లైనర్లు లేవు. అల్యూమినియం, సిలికాన్ కలిపిన లోహంతోనే గోడలు పోస్తారు. అరుగుదలను తట్టుకునేవి అందులోని గట్టి సిలికాన్ కణాలు. మామూలుగా బోరు కొట్టి హోనింగ్ చేస్తే సరిపోదు. ఆ కణాలు పైకి తేలేలా ప్రత్యేకంగా పాలిష్ చేయాలి, లేదా కొత్తగా లైనర్లు దింపాలి. ఆ పని తెలిసినవాళ్లు తక్కువ, కూలి ఎక్కువ.

కంపెనీ వర్క్‌షాప్ వాళ్లు కొత్త ఇంజిన్‌కి పద్నాలుగు లక్షలు చెప్పారు, అంటే నేను కారు కొన్న ధర. రీకండిషన్ చేస్తే ఆరు లక్షలు. ప్రమాదంలో దెబ్బతిన్న కారులోంచి తీసిన ఇంజిన్ తెచ్చి బిగిస్తే ఐదు లక్షలు. అప్పట్లో విడిభాగాల మీద జీఎస్టీ 28 శాతం. 2025 సెప్టెంబర్ 22 నుంచి 18 అయింది. ఆ తగ్గింపు వేసుకున్నా నా లెక్క తారుమారు కాదు. బీమా వైపు చూడటం దండగ. మోటార్ పాలసీ అరుగుదలకు పైసా ఇవ్వదు. ఇంజిన్ ప్రొటెక్ట్ రైడర్ ఉన్నా అది నీళ్లు చేరడం వంటి నష్టాలకే.

ఐదు లక్షల మాటే ఖాయం చేద్దామనుకున్నాను. దానికీ కాగితాల పని ఉంది. ఇంజిన్ నంబరు ఆర్‌సీలో ఉంటుంది కాబట్టి, మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం ఇంజిన్ మార్పును ఆర్టీఏలో నమోదు చేయించాలి. ఆ ఇంజిన్ ఏ కారుదో, అమ్మినవాడు ఎవరో చూపే బిల్లు చేతిలో లేకపోతే, రేపు అది దొంగ బండిదని తేలినప్పుడు ఇబ్బంది పడేది మనమే.

ఈలోగా మా ఆవిడ అడిగిన ప్రశ్న లెక్కనే మార్చేసింది. "ఈ కారు మనది కాదనుకోండి. ఇంజిన్ మార్చిన ఇదే బండి ఎవరైనా ఏడున్నర లక్షలకు అమ్ముతామంటే కొంటారా?" ఏడున్నర ఎక్కడిదంటే, ఉన్నది ఉన్నట్టుగా అమ్మితే రెండున్నర లక్షలు వస్తాయి, దాని మీద ఇంజిన్ ఖర్చు ఐదు. బాగుచేసిన కారుకి మార్కెట్లో పలికేది ఐదున్నర. అంటే బిగించిన రోజే రెండు లక్షలు పోయినట్టు.

నాలుగేళ్లు వాడతామనుకుని లెక్క వేశాం. 2028లో ఆర్‌సీకి పదిహేనేళ్లు నిండుతాయి. ఆ తర్వాత ఫిట్‌నెస్, రెన్యువల్, గ్రీన్ టాక్స్. అప్పటికి రెండు లక్షలు పలికినా, విలువలో నష్టం ఏడాదికి లక్షా ముప్పై ఏడున్నర వేలు. సర్వీసుకి మరో లక్ష. మొత్తం రెండు లక్షల ముప్పై ఏడున్నర వేలు. అదే ఏడున్నర లక్షలకు మూడు నాలుగేళ్ల మామూలు సెడాన్ కొని, నాలుగేళ్లకు నాలుగు లక్షలకు అమ్మితే నష్టం ఏడాదికి ఎనభై ఏడున్నర వేలు, సర్వీసు నలభై వేలు. లక్షా ఇరవై ఏడున్నర వేలు. ఇక్కడే ఏడాదికి దాదాపు లక్షా పది వేలు తేడా. పెట్రోలు లీటరు 107 రూపాయలు వేసుకుని, ఏడాదికి ఎనిమిది వేల కిలోమీటర్లు తిరిగితే, సిటీలో లీటరుకి ఏడున్నర కిలోమీటర్లు ఇచ్చే బండికీ పద్నాలుగు ఇచ్చే బండికీ మధ్య మరో యాభై వేల పైన. నాలుగేళ్లలో ఆరున్నర లక్షలు. పైగా గేర్‌బాక్సు, సస్పెన్షన్ కూడా పదకొండేళ్లవే. కొత్త ఇంజిన్ వాటి వయసు తగ్గించదు.

అందరికీ ఇదే జవాబు రాదు. మొదటి నుంచీ మీ చేతిలోనే ఉండి, సర్వీసు పుస్తకం పూర్తిగా ఉండి, గేర్‌బాక్సు ఇటీవలే చేయించి ఉంటే, మళ్లీ చేతులు మారని ఆ కారుకి డబ్బు పెట్టడంలో న్యాయం ఉంది. అప్పుడు కూడా చేతిలో ఉన్న డబ్బుతోనే పెట్టాలి. పడిపోతున్న విలువ మీద పర్సనల్ లోన్ తీసుకోవడం మాత్రం ఏ లెక్కలోనూ నిలబడదు.

మేం అమ్మేశాం. అమ్మేవాళ్లకి ఒక్క మాట: చెడిపోయిన బండే కదా, డబ్బు వచ్చింది కదా అని తాళాలిచ్చి వచ్చేయకండి. ఫారం 29, 30 మీద సంతకాలతో సరిపెట్టుకోక, ఆర్‌సీ కొన్నవారి పేరుకి మారేదాకా వెంటపడండి. కొన్నవాడు ఇంజిన్ మార్చి రోడ్డెక్కించి ప్రమాదం చేస్తే, రికార్డుల్లో ఎవరి పేరుంటే వారే యజమాని, పరిహారం బాధ్యత కూడా వారిదేనని సుప్రీంకోర్టు 2018లో తేల్చి చెప్పింది.