గడపని ఏళ్లకు జీతం

శుక్రవారం సాయంత్రం టైంషీట్ పంపితే గానీ ఇక్కడ అమెరికాలో కాంట్రాక్టు ఉద్యోగికి వారం ముగియదు. రోజుకు 8 చొప్పున 40 గంటలు. వాటికి క్లయింటు కట్టే డబ్బులో నేరుగా ఒప్పందమున్న ప్రైమ్ వెండర్ కొంత, అతని కింద ఇంకో వెండర్ కొంత, మన వీసా పెట్టిన కన్సల్టెన్సీ కంపెనీ కొంత తీసుకోగా మిగిలింది మన జీతం. డాలస్ చుట్టుపక్కల, ఇర్వింగ్ నుంచి ఫ్రిస్కో దాకా, ఎన్నో తెలుగు కుటుంబాలు ఇలాగే నిలదొక్కుకున్నాయి. మాదీ అంతే. మధ్యవాళ్ల వాటా మీద నాకు కోపం లేదు, పని వెతికిపెట్టినవాళ్లు దానికి కూలి తీసుకుంటారు. నా బాధంతా రెజ్యూమేలో రాసే అనుభవపు ఏళ్ల గురించి.

ఈ మధ్య నిజామాబాద్ వైపు నుంచి వచ్చిన ఒక కుర్రాడు మా ఇంట్లో భోంచేశాడు. ఎంఎస్ అప్పుడే అయింది. అన్నం కలుపుతూ, తల ఎత్తకుండా, "అన్నా, కన్సల్టెన్సీ వాళ్లు ఎనిమిదేండ్ల ఎక్స్‌పీరియన్స్ పెట్టిన్రు. ఇంటర్వ్యూల 2017ల ఏ ప్రాజెక్టు చేసినవని అడుగుతున్నరు. అప్పుడు నేను ఇంటర్ చదువుతున్న" అన్నాడు.

ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. డబ్బు గురించో చదువు గురించో అబద్ధమాడేవాళ్లను చూశాం. ఇది కాలం గురించిన అబద్ధం. ఆ పిల్లవాడు ఇంటర్ చదివిన రోజులు, ఇంజనీరింగ్ హాస్టల్లో స్నేహితులతో గడిపిన రోజులు, అన్నీ చెరిపేసి వాటి స్థానంలో ఎవరో ఊహించిన ఆఫీసు జీవితం రాశారు. తన సొంత గతాన్ని తానే దాచుకు తిరగాలి. పక్కసీటు మనిషి "ఏ సంవత్సరం డిగ్రీ అయింది?" అని మామూలుగా అడిగినా గుండె జారిపోవాలి.

ఎందుకు ఒప్పుకుంటారో నాకు తెలుసు. చదువు తర్వాత పని చేసుకోవడానికి ఇచ్చే ఓపీటీ మొదటి ఏడాదిలో మొత్తం 90 రోజులకు మించి ఉద్యోగం లేకుండా ఉండకూడదు. సైన్స్, ఇంజనీరింగ్ లాంటి స్టెమ్ చదువులకు మరో 24 నెలల పొడిగింపు ఉన్నా, ముందు ఆ ఏడాది గట్టెక్కాలి. అటు ఊళ్లో ఇల్లు తనఖా పెట్టి తెచ్చిన అప్పుకు వడ్డీ పెరుగుతుంటుంది. ఇరవై రెండు, ఇరవై మూడేళ్ల వయసులో ఈ రెండు లెక్కలూ నెత్తిన పెట్టుకున్నవాడికి ఎవరైనా దారి చూపిస్తామంటే ఆగి ఆలోచించే స్థిమితం ఉంటుందా? అందుకే తప్పంతా పిల్లల మీద వేసేవాళ్లతో నేను ఏకీభవించను. ఆ రెజ్యూమే తయారుచేసిచ్చేది పెద్దవాళ్లు, మనవాళ్లే.

అలాంటి రెజ్యూమేతో ఉద్యోగం దొరికినవాడికి అసలు కష్టం అప్పుడే మొదలవుతుంది. ఎనిమిదేళ్ల అనుభవమున్న మనిషి గంటలో చేసే పని వీడికి చేతకాదు. హైదరాబాద్‌లో 'జాబ్ సపోర్ట్' మనిషిని పెట్టుకుంటాడు. శీతాకాలంలో మాకూ ఇండియాకూ పదకొండున్నర గంటల తేడా. మాకు పగలైనప్పుడు అక్కడ ఆ మనిషి నిద్ర మానుకుని స్క్రీన్ చూస్తాడు. జీతంలో కొంత అతనికి పోతుంది. పగలు చేయలేనిది నేర్చుకోవడానికి వీడి రాత్రి పోతుంది. టైంషీట్‌లో 40 గంటలే ఉంటాయి. అమ్మానాన్నలకు ఫోన్‌లో చెప్పేది "బాగానే ఉన్న" అన్న మాటే.

అది అక్కడితో ఆగదు. ఆ అబద్ధపు అనుభవమే వీసా దరఖాస్తులోకి ఎక్కి, ప్రభుత్వాన్ని మోసగించినట్టు తేలితే, అమెరికాలో అడుగుపెట్టే అర్హతే జీవితాంతం పోవచ్చు.

చట్టం పిల్లల పక్షాన ఉన్న చోట్లూ ఉన్నాయి, అవి వాళ్లకు ఎవరూ చెప్పరు. హెచ్1బీ వీసా మీద ఉన్నవాళ్లకు ప్రాజెక్టు లేదన్న కారణంతో, బెంచ్ మీద ఉన్నారని కంపెనీ జీతం ఆపకూడదు. 1998లోనే అమెరికా కాంగ్రెస్ ఆ రక్షణ చట్టంలో పెట్టింది. ఆపితే 12 నెలల్లోగా డబ్ల్యూహెచ్-4 ఫారంతో కార్మిక శాఖకు ఫిర్యాదు చేయవచ్చు. ఆ వీసా మీద ఉద్యోగం పోతే దేశంలో ఉండటానికి సాధారణంగా 60 రోజుల దాకా గడువు ఉంటుంది. అది ఇంకో యజమానిని వెతుక్కోవడానికి అక్కరకొస్తుంది. చేయని పనికి గంటలు రాయమన్నా, చేసిన పనికి గంటలు తగ్గించమన్నా ఒప్పుకోవద్దు. ఏ వారం ఎన్ని గంటలు చేశారో మీ దగ్గర విడిగా రాసిపెట్టుకోండి. తగాదా వస్తే నిలబడేది ఆ కాగితమే.

కన్సల్టెన్సీ దారిని పూర్తిగా వదులుకోవాలా వద్దా అన్నది మా ఇంట్లో భోంచేసిన ఆ కుర్రాడు ఇంకా నిర్ణయించుకోలేదు. అసలు చదువు, అసలు ప్రాజెక్టులతో వేరే రెజ్యూమే రాయడానికి ఇద్దరం కూర్చున్నాం. రెండు పేజీలు కాస్తా ఒక పేజీకి తగ్గాయి. జీతం తక్కువైనా దాన్ని ప్రస్తుతానికి ఫ్రెషర్ ఉద్యోగాలకే పంపుతున్నాడు, ఇంకా పిలుపు రాలేదు.

ఇక్కడ స్థిరపడిన అన్నలకూ అక్కలకూ నా మనవి ఇది. మీ కంపెనీలో ఫ్రెషర్ ఖాళీ ఉంటే, నిజం రాసిన రెజ్యూమేను మీ పేరు మీద రిఫర్ చేయండి. శనివారం ఒక గంట తీసుకుని ఒక పిల్లకో పిల్లవాడికో ఇంటర్వ్యూ సాధన చేయించండి. ఊళ్లో ఉన్న తల్లిదండ్రులారా, ఈసారి ఫోన్ చేసినప్పుడు జీతం ఎంతని అడిగే ముందు రాత్రి ఎన్నింటికి పడుకుంటున్నావని అడగండి.